కొత్తింటి కిటికీలకి జీబ్రా బ్లైండ్సా, కర్టెన్లా? ఇంట్లో రెండు పార్టీలు అయిపోయాం

వేదాయపాళెం కోడలు
ఏప్రిల్ 6

అందరికీ నమస్తే. ఫాల్గుణంలో గృహప్రవేశం అయింది. నెల్లూరు, వేదాయపాళెం, మొదటి అంతస్తు, మొత్తం ఎనిమిది కిటికీలు. ఇప్పటిదాకా పాత దుప్పట్లు కట్టి నెట్టుకొస్తున్నాం. హాల్లో చిన్న కిటికీకైతే మా అత్తయ్య పాత వెంకటగిరి చీర వేలాడుతోంది. ఎండలు ముదిరాయి, ఇక ఆగలేం.

షాపతను వచ్చి టేపు పెట్టి కొలిచి, అన్నిటికీ జీబ్రా బ్లైండ్స్, అంటే పైనుంచి కిందికి దించే చారల తెరలు, వేసేయమన్నాడు. ఫొటోల్లో చూస్తే హోటల్ గదిలా ఉంది, నాకు నచ్చింది. అత్తయ్య మాత్రం "కిటికీ పెట్టించుకున్నది గాలికా, మూసి పెట్టుకోడానికా" అని ఒకటే మాట. ఆవిడకి నూలు కర్టెన్లే కావాలి. మావారికి వారం మార్చి వారం నైట్ డ్యూటీ, పగలు పడుకోవాలంటే గది చీకటిగా ఉండాలి. బాబుకి రెండేళ్లు, చేతికి అందిందల్లా లాగుతాడు. మధ్యలో నేను నలిగిపోతున్నా. వాడిన వాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

కావలి కుర్రాడు
ఏప్రిల్ 6

అక్కా, అత్తయ్య మాట వినేసెయ్. కర్టెన్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

టైలరు కొట్టు, ఒంగోలు
ఏప్రిల్ 6

అమ్మా, రంగూ డిజైనూ తర్వాత. ముందు ఒక్కో కిటికీ దగ్గర నిలబడి మూడు సంగతులు రాసుకోండి. అది ఏ దిక్కు, మీరు దాన్ని రోజులో ఎక్కువ సేపు తెరిచి ఉంచుతారా మూసి ఉంచుతారా, ఎదురుగా ఏముంది. ఇరవై రెండేళ్లుగా కర్టెన్లు కుడుతున్నా. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇవేవీ చెప్పకుండా "ఇప్పుడు ఏది నడుస్తోంది" అని అడుగుతారు. ఎనిమిది కిటికీలకీ ఒకటే మందు రాసే డాక్టరు దగ్గరికి మీరు పోతారా?

వేదాయపాళెం కోడలు
ఏప్రిల్ 7

పొద్దున్నే తిరిగి చూశానండీ. హాల్లో తూర్పుకి పెద్ద స్లైడింగు, ఎదురుగా రోడ్డు. సాయంత్రం గాలంతా అక్కణ్ణుంచే. దాని పక్కనే చిన్నది. మా బెడ్‌రూమ్‌కి పడమర ఒకటి, ఉత్తరం ఒకటి. అత్తయ్య గది దక్షిణం, పక్కవాళ్ల మేడ చెయ్యి చాపితే అందుతుంది. వంటింటి కిటికీ స్టవ్‌కి ఆనుకునే ఉంది. మిగతా రెండూ చిన్నవే. ఉత్తరం వైపు ఎండ రాదు కదా, దానికి ఏదో పల్చటి గుడ్డ చాలనుకుంటున్నా.

దర్శి మేష్టారు
ఏప్రిల్ 7

ఉత్తరం వైపు ఎండ రాదన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగమ్మా. ఈ మాట చాలామంది ఇంజనీర్లు కూడా అంటారు. మన దగ్గర అది సగమే నిజం.

నెల్లూరు ఉన్నది 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి కొంచెం పైన. ఏప్రిల్ ఆఖరుకి సూర్యుడు సరిగ్గా మీ నడినెత్తి మీదికి వస్తాడు. అక్కణ్ణుంచి ఆగస్టు నడిమి దాకా మిట్టమధ్యాహ్నం కూడా మీకు ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో పొడిచేది ఈశాన్యం వైపు జరిగి, కుంకేది వాయవ్యం వైపు జరిగి. కాబట్టి సరిగ్గా వేసవిలోనే, సాయంత్రం నాలుగింటి తర్వాత, ఉత్తరపు కిటికీలోంచి ఏటవాలుగా ఎండ దూరుతుంది. నమ్మకపోతే మే నెలలో గోడ మీద గీత గీసి చూసుకో. దక్షిణపు కిటికీకి ఎండ కొట్టేది డిసెంబరు, జనవరిల్లో. చలికాలంలో పెద్దావిడ గదికి ఆ ఎండ మంచిదే, దాన్ని మూసే పని పెట్టుకోకండి.

అసలు శత్రువు పడమర. మధ్యాహ్నం ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి సజ్జ ఆపుతుంది. సాయంత్రపు ఎండ పల్లంగా వస్తుంది, రెండడుగుల సజ్జ దానికి అడ్డమే కాదు. ఇంకో సంగతి. అద్దం దాటి లోపలికి వచ్చేశాక ఎండ మీ కర్టెన్‌ని కాలుస్తుంది, ఆ వేడి గదిలోనే తిరుగుతుంది. అదే కిటికీ బయట వెదురు తెరో, షేడ్ నెట్టో కడితే వేడి బయటే పోతుంది. లోపల ఎంత ఖరీదు గుడ్డ వేసినా, ఈ పనిలో బయటి తడికకి సాటిరాదు.

మా చిన్నప్పుడు దర్శిలో డాక్టరు గారి వరండాకి వట్టివేళ్ల తడికలు కట్టి గంటకోసారి నీళ్లు చల్లేవాళ్లు. జ్వరం లేకపోయినా పోయి కూర్చునేవాళ్లం. మాది పొడిగాలి కాబట్టి అది పనిచేసేది. మీకు సముద్రం దగ్గర, గాలిలోనే తడి ఉంటుంది, అంత గుణం ఇవ్వదు.

కావలి కుర్రాడు
ఏప్రిల్ 7

కర్టెన్ల కోసం వస్తే జాగ్రఫీ పరీక్ష పెట్టారు మేష్టారు 🙏

కొత్తపట్నం గాలి
ఏప్రిల్ 8

మా ఇంటికీ సముద్రానికీ కిలోమీటరున్నర. మూడేళ్ల కిందట హాల్లో రోలర్ బ్లైండ్స్ వేయించాం. తూర్పు కిటికీకే. వేసిన వారానికే అర్థమైంది. మధ్యాహ్నం మూడింటికి గాలి తూర్పుకి తిరిగితే ప్రాణం లేచొస్తుంది కదా, సరిగ్గా అప్పుడు బ్లైండ్ దించి ఉంటే కింది బద్దీ కిటికీ చట్రానికి టపా టపా కొట్టుకుంటుంది. పైకి చుట్టేస్తే ఎండ వెలుగు. దించితే గాలి లేదు, మోత మాత్రం ఉంది. పగలల్లా కరెంటు పోయిన రోజు మా నాన్న దాన్ని విప్పి మంచం కింద పడేశారు, ఇంకా అక్కడే ఉంది.

పడమటి గాలి గట్టిగా వీచిన రోజు ఈ తూర్పు గాలి అసలు రాదు, ఆ రోజు ఎటూ కిటికీలన్నీ బిడాయించుకోవాల్సిందే. కానీ మిగతా రోజులన్నీ ఆ గాలి మీదే బతుకుతాం. కాబట్టి తెరిచి ఉంచే కిటికీకి గుడ్డ కర్టెన్ వేయండి. రింగుల మీద పక్కకి జరిగిపోతుంది, గాలికి ఊగినా మోత లేదు.

రాడ్డు విషయం కూడా చెప్తా. ఇనుప రాడ్డుకి రంగు ఎంత బాగా వేసినా రెండో ఏడు తుప్పు. ఆ తుప్పు మరక తెల్ల గుడ్డకి అంటితే మళ్లీ పోదు. స్టీలు రాడ్డే తీసుకోండి, 304 గ్రేడు అని అడిగి తీసుకోండి. 202 అయితే ఉప్పుగాలికి చుక్కలు తేలతాయి. అయస్కాంతం పెట్టి చూపిస్తారు కొందరు, దాన్ని నమ్మకండి, రెండిటికీ సరిగా అంటదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమే. అల్యూమినియం ట్రాక్ అయినా మంచిదే.

బ్లైండ్స్ బాబాయి
ఏప్రిల్ 8

ముందే చెప్తున్నా, నేను బ్లైండ్స్ అమ్ముతాను, నెల్లూరులోనే. ఇక్కడ అందరూ బ్లైండ్స్‌ని ఆడిపోసుకుంటున్నారు కాబట్టి నా మాట కూడా వినండి.

కొత్తపట్నం అమ్మాయి చెప్పింది నిజమే, గాలొచ్చే కిటికీకి బ్లైండ్ వేయకూడదు. వేసినవాడిది తప్పు. కానీ ఏసీ గదికి, చదువుకునే బల్ల మీది కిటికీకి, కింద సోఫా ఆనుకుని ఉన్న చోట, చిన్న కిటికీకి బ్లైండ్ ఎంత బాగుంటుందో కర్టెన్ అంత బాగుండదు. గోడ మీద చోటు తినదు. కాళ్లకి తగలదు.

జీబ్రా గురించి నేనే ఒక మాట చెప్తా, కొనేముందు ఎవరూ చెప్పరు. అందులో ఒక పట్టీ దళసరి, ఒక పట్టీ పల్చన. పగలు రెండూ సర్దుకుంటే వెలుగు ముచ్చటగా ఉంటుంది. రాత్రి లోపల లైటు వేశాక పల్చటి పట్టీలోంచి బయటివాళ్లకి మీరు కనిపిస్తారు. పూర్తిగా మూసినా పట్టీల మధ్య సన్నగా వెలుగు గీతలు ఉంటాయి. చీకటి కావాలన్న గదికి జీబ్రా కాదమ్మా. అక్కడ వెలుగు దూరనివ్వని బ్లాక్‌అవుట్ గుడ్డ రోలర్ వేస్తే, అదైనా కిటికీ చట్రం లోపల కాకుండా బయట గోడకి, రెండు పక్కలా మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ పెట్టి వేయించు. లోపల వేస్తే రెండు పక్కలా వేలెడు సందు మిగిలి కత్తిలాగా వెలుగు పడుతుంది.

మీకు అన్నిటికీ జీబ్రా రాసినతను అడుగుల లెక్క చూసుకున్నాడు. బ్లైండ్స్ చదరపు అడుగు లెక్కన అమ్ముతాం కదా.

డాలస్‌లో ఒంగోలమ్మాయి
ఏప్రిల్ 9

రెండేళ్ల బాబు అన్నారు కదా, అందుకే రాస్తున్నా. బ్లైండ్ పక్కన పైకీ కిందికీ లాగే తాడు ఉంటుంది చూడండి, వలయంలా వేలాడుతూ. అది పిల్లల మెడకి చుట్టుకుని ప్రాణాలు పోయిన కేసులు ఇక్కడ చాలా జరిగాయి. అందుకే 2018 డిసెంబరు నుంచి ఇక్కడ దుకాణాల్లో సిద్ధంగా అమ్మే బ్లైండ్స్‌కి తాడు లేకుండానో, అందకుండానో ఉండాలన్న ప్రమాణం పెట్టారు. 2024 జూన్ నుంచి కొలత ఇచ్చి చేయించుకునే వాటికీ అదే. మన దగ్గర మనమే అడగాలి. తాడు లేని స్ప్రింగు రకం ఉందా అని అడగండి. లేదంటే తాడుని బిగువుగా గోడకి పట్టి ఉంచే క్లిప్పు బిగించమనండి. బాబు మంచం మాత్రం ఏ కిటికీ కిందా వద్దు, కర్టెన్ ఉన్నా సరే.

వేదాయపాళెం కోడలు
ఏప్రిల్ 9

అమ్మో, ఇది నాకు తట్టనే లేదు. రాత్రి మావారికి చదివి వినిపించా. జీబ్రా పార్టీలోంచి ఆయన బయటికొచ్చేశాడు, నేనొక్కదాన్నే మిగిలా. సరే, కర్టెన్లంటే గుడ్డ ఎంత కొనాలో ఎట్టా లెక్క? షాపులో అడిగితే ఒకరు పది మీటర్లంటారు, ఒకరు పదిహేనంటారు.

టైలరు కొట్టు, ఒంగోలు
ఏప్రిల్ 10

రాత్రి పని ఎక్కువై ఇప్పుడు రాస్తున్నా. కాగితం తీసుకోండి.

కిటికీ నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు అనుకుందాం. రాడ్డు కిటికీ అంత కాదు, రెండు పక్కలా ఆరేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. అంటే అయిదడుగులు. ఎందుకంటే తెరిచినప్పుడు గుడ్డంతా గోడ మీదికి పోవాలి, అద్దానికి అడ్డం రాకూడదు. రాడ్డు కిటికీకి ఆరంగుళాలు పైన బిగించండి. అక్కడ లింటెల్ కాంక్రీటు ఉంటుంది, మామూలు డ్రిల్లుతో దిగదు, హ్యామర్ డ్రిల్లు ఉన్నవాణ్ణి పిలవండి. ఆరడుగులు దాటిన రాడ్డుకి మధ్యలో ఇంకో బ్రాకెట్ తప్పనిసరి. లేకపోతే ఏడాదికి విల్లులా వంగుతుంది.

ఇప్పుడు గుడ్డ. రాడ్డుకి రెండింతలు తక్కువ కాకుండా ఉంటేనే కుచ్చు పడుతుంది. పల్చటి గుడ్డయితే రెండున్నర, మూడింతలైనా బాగుంటుంది. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, నాలుగడుగులది అయితే, ఒక్కో పక్కకి పన్నాన్నర, మొత్తం మూడు పన్నాలు. అంటే పన్నెండడుగులు, అయిదడుగుల రాడ్డుకి సరిగ్గా సరిపోతుంది. ఎత్తు చూస్తే పైన ఆరంగుళాలు, కిటికీ నాలుగడుగులు, కింద ఎనిమిది అంగుళాలు జారాలి, వెరసి అయిదడుగుల రెండంగుళాలు. పైన రింగుల పట్టీకీ కింద మడతకీ కలిపి పదంగుళాలు వేసుకుంటే ఆరడుగులు. మూడు పన్నాలకి పద్దెనిమిది అడుగులు, అయిదున్నర మీటర్లు. పూలూ గళ్లూ ఉంటే ఒక పన్నా పువ్వు పక్క పన్నా పువ్వుతో కలవాలి కాబట్టి ఇంకాస్త. నూలు గుడ్డయితే ఆరు మీటర్లు తీసుకుని, కుట్టించేముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. ఈ ఒక్క పని చేయక, మొదటి ఉతుకుకే కర్టెన్ జానెడు పైకి పోయిందని నా మీదికి వచ్చినవాళ్లు లెక్కలేనంతమంది.

రింగులు సరి సంఖ్యలో ఉండాలి. ఎనిమిదో, పదో. బేసి అయితే ఒక అంచు గోడ వైపు తిరగదు, గదిలోకి చూస్తూ నిక్కబొడుచుకుని ఉంటుంది. కింద మడత నాలుగంగుళాలకి తగ్గించనివ్వకండి, ఆ బరువుకే గుడ్డ నిటారుగా పడుతుంది. రెడీమేడ్ అయితే కిటికీకి అయిదడుగులు, తలుపుకి ఏడడుగులు వస్తాయి. మీ కిటికీ ఆ కొలతలో ఇమిడితే అవే కొనుక్కోండి, కుట్టు కూలి మిగులుతుంది. నా వ్యాపారం పోయినా పర్లేదు.

చీమకుర్తి దుమ్ము
ఏప్రిల్ 10

మా ఊరి నల్ల గ్రానైట్ పేరు గెలాక్సీ, మా ఇంటి కిటికీ కూడా గెలాక్సీయే, దుమ్ముతో. అల్యూమినియం బద్దీల వెనీషియన్ బ్లైండ్స్ వేయించిన పాపానికి ప్రతి ఆదివారం ఒక్కో బద్దీ తుడుస్తున్నా. లారీలు తిరిగే రోడ్డు మీద ఇల్లయితే వాటి జోలికి పోకండి. గుడ్డయితే విప్పి మిషన్‌లో పడేస్తే అయిపోయె.

చేపల పులుసు అభిమాని
ఏప్రిల్ 10

ఎవరూ అసలు సమస్య చెప్పట్లేదు. నెల్లూరులో ఇల్లు కట్టుకుని, భోజనాల బల్ల దగ్గర వెల్వెట్ కర్టెన్ వేశారు మా వదిన. మామిడికాయ వేసి పులుసు పెట్టిన నాలుగో రోజు కూడా కర్టెన్ పక్కన కూర్చుంటే ఆకలేస్తుంది. నాకు ఇబ్బంది లేదు, వచ్చిన పెళ్లివారికి ఇబ్బంది.

టైలరు కొట్టు, ఒంగోలు
ఏప్రిల్ 10

నవ్వులాట కాదు, ఇది నిజం. దళసరి, నూగున్న గుడ్డ వాసన పట్టేస్తుంది. వంటింటికీ దాని ఎదురుగా ఉన్న చోటికీ పల్చటి, తేలిగ్గా ఉతికే గుడ్డే. స్టవ్ పక్కన కిటికీకి మాత్రం కర్టెన్ వద్దే వద్దమ్మా, గాలికి ఎగిరి మంట మీద పడుతుంది. అద్దానికి మరుగు స్టిక్కర్ అంటించుకుని వదిలేయండి.

మగ్గం మనిషి
ఏప్రిల్ 11

నూలు అన్నారు కాబట్టి చీరాల గుర్తొచ్చింది. 2022లో బాపట్ల జిల్లాలో కలిపారు గానీ మా లెక్కలో చీరాల ఇంకా ఒంగోలు పక్కనే. అక్కడ మగ్గం మీద నేసిన గళ్ల గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది. గాలి ఆడుతుంది, వెలుగు మెత్తగా వస్తుంది. పాలిస్టర్ ఎంత మెరిసినా ఆ గుణం లేదు.

బ్లైండ్స్ బాబాయి
ఏప్రిల్ 11

గుణం ఉంది, రంగు మాత్రం ఉండదు తమ్ముడూ. ముదురు రంగు నూలు పడమటి కిటికీకి వేస్తే రెండు వేసవులకి మడత లోపల ఒక రంగు, బయట ఒక రంగు. ఎండకి ఓర్చుకునేది పాలిస్టరే. పట్టు అసలే వద్దు, ఎండకి చీలికలైపోతుంది.

మగ్గం మనిషి
ఏప్రిల్ 11

పడమరకి నేనెక్కడ వేయమన్నా? తూర్పు హాలుకి. అదీ లేత రంగు. వెనక తెల్ల లైనింగ్ వేస్తే ఎండ ముందు దాన్ని తింటుంది, పై గుడ్డ బతుకుతుంది. లైనింగ్ చౌక, మార్చుకోవచ్చు.

టైలరు కొట్టు, ఒంగోలు
ఏప్రిల్ 11

ఇద్దరిదీ నిజమే. బ్లాక్‌అవుట్ గుడ్డ కొనేవాళ్లకి ఇంకో మాట. వెనక రబ్బరులా పూత ఉన్న రకాన్ని వేడి ఇస్త్రీ చేయకండి, మిషన్‌లో పిండకండి. పూత పగిలి ఆకాశంలో చుక్కల్లా వెలుగు కనిపిస్తుంది. పూత లేకుండా మధ్యలో నల్ల దారం పెట్టి నేసిన రకం ఉంటుంది, అది ఉతుక్కోవచ్చు. చీకటి ఒక పిసరు తక్కువ, అంతే.

వేదాయపాళెం కోడలు
మే 31

రోహిణి కార్తెలో ఉన్నాం, ఇప్పటికి తీరిక దొరికింది. ఏం చేశామో చెప్తా.

పడమటి కిటికీకి బయట వెదురు తెర, చుట్టుకునే రకం. మేష్టారు గారికి దండాలు. లోపల పూత లేని బ్లాక్‌అవుట్ కర్టెన్. ఉత్తరం కిటికీకీ అదే వేశాం. గోడ మీద గీత నిజంగానే గీసి చూశానండీ, పోయిన వారం నాలుగున్నరకి ఎండ మంచం కాళ్ల దాకా వచ్చింది. మావారు ఫొటో తీసి ఇల్లు కట్టిన ఇంజనీరుకి పంపారు. హాలు పెద్ద కిటికీకి చీరాల గళ్ల గుడ్డ, తెల్ల లైనింగ్, రాత్రంతా నానబెట్టాకే కుట్టించాం. బాబు గదికి తాడు లేని చిన్న రోలర్ ఒకటే ఒకటి, నా పార్టీ పరువు కోసం. అత్తయ్య గదికి కింద సగం దాకా పొట్టి కర్టెన్. పక్కవాళ్లకి కనిపించం, పైనుంచి వెలుగు వస్తుంది. ఆ ఆలోచన ఆవిడదే.

ఒక్క చోట దెబ్బతిన్నాం. బెడ్‌రూమ్‌లో రెండు పక్కలా చీకటే గానీ, రింగుల మధ్య సందుల్లోంచి పైకప్పు మీద వెలుగు చారలు. నైట్ డ్యూటీ వారం మూడు రోజులు మావారు కళ్లకి తువ్వాలు కట్టుకుని పడుకున్నారు. తర్వాత వడ్రంగి వచ్చి రాడ్డు మీద ప్లైవుడ్‌తో ఎనిమిదంగుళాల పెల్మెట్ పెట్టె కొట్టి వెళ్లాడు. చారలు పోయాయి. ఇప్పుడు దాని వెనక ఒక బల్లి కాపరం పెట్టింది.

హాల్లో చిన్న కిటికీ మాత్రం అట్టాగే ఉంది. వెంకటగిరి చీరే.

టైలరు కొట్టు, ఒంగోలు
జూన్ 1

పెల్మెట్ సంగతి నేను చెప్పాల్సింది, మర్చిపోయాను, తప్పు నాదే. ఆ చీర కిటికీ కొలత ఎంతమ్మా?

వేదాయపాళెం కోడలు
జూన్ 1

రాడ్డు ఆరడుగులు, కిటికీ ఎత్తు మూడున్నర. చీరని అడ్డంగా, పొడవంతా రాడ్డు మీదికి కుచ్చెత్తి కట్టా. బోర్డరు కింది అంచుగా పడింది.

టైలరు కొట్టు, ఒంగోలు
జూన్ 1

చీర పొడవు పద్దెనిమిది అడుగులు, రాడ్డు ఆరు. సరిగ్గా మూడింతలు. పల్చటి నూలుకి అంతే కావాలి. నన్ను పిలిచినా నేనూ ఇదే లెక్క వేసేవాణ్ణి. కోయలేదు కదా?

వేదాయపాళెం కోడలు
జూన్ 2

కోయలేదండీ. పైన దారంతో టాకాలు వేశా, అంతే. శ్రావణంలో ఏదో పెళ్లి ఉంది, అప్పుడు విప్పి ఇవ్వాలట, అత్తయ్య ముందే చెప్పి పెట్టింది.